జోసెఫ్ జాన్సన్ : ఆంగ్ల రచయిత్రుల ప్రకాశకుడు

పుస్తకము చేతికి వచ్చినప్పుడు పాఠకుడు మొదట చూచునది గ్రంథకర్త పేరు. ముఖపత్రమున అడుగుభాగమందు చిన్న అక్షరములతో అచ్చయిన ప్రకాశకుని పేరును చదువువారు అరుదు. గ్రంథాలయమున పుస్తకముల పట్టిక వ్రాయువారికి తప్ప తక్కినవారికి దానితో పనియే యుండదు. అయినను వ్రాతప్రతి అచ్చు పుస్తకమై లోకమునకు వచ్చుటకు నడుమ ఒకడు నిలువవలెను. కాగితమునకు, కూర్పునకు, బైండునకు సొమ్ము పెట్టువాడు అతడే. పుస్తకము అమ్ముడుపోనిచో నష్టపడువాడును, ప్రభుత్వమునకు ఆగ్రహము కలిగినచో న్యాయస్థానమున నిలువవలసినవాడును అతడే.

పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున ఇంగ్లండునందు కొందరు స్త్రీలు కలమును నమ్ముకొని స్వతంత్రముగా జీవింప యత్నించిరి. అట్టివారికి నడుమ నిలిచి తోడ్పడిన ప్రకాశకులలో లండను నగరపు పుస్తక వర్తకుడు జోసెఫ్ జాన్సన్ ముఖ్యుడు. అతడు స్వయముగా గొప్ప గ్రంథము నొక్కటియు వ్రాయలేదు. కాని అతని అంగడి లేకున్నచో ఆంగ్ల సాహిత్యమున కొన్ని గొప్ప గ్రంథములు పుట్టియుండునా యన్నది సందేహము.

ఆనాటి రచయిత్రుల స్థితి

ఆ కాలమున ఇంగ్లండునందు స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ధనిక కుటుంబములలోని బాలికలకు సంగీతము, చిత్రలేఖనము, కొంత ఫ్రెంచి భాష నేర్పుట యుండెను గాని శాస్త్రములును ప్రాచీన భాషలును పురుషుల సొత్తుగా నెంచబడెను. చదువుకొన్న పేద యువతికి గౌరవముగా బ్రదుకుటకు రెండు మూడు మార్గములే యుండెను: ధనికుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పుట, వృద్ధురాలగు దొరసానికి తోడుగా నుండుట, చిన్న పాఠశాల నడపుట. వివాహితయైన స్త్రీ సంపాదించిన సొమ్ము చట్టరీత్యా భర్తకే చెందును. 1870, 1882 సంవత్సరములలో క్రొత్త శాసనములు వచ్చువరకు ఈ నియమము మారలేదు.

షార్లెట్ స్మిత్ అను కవయిత్రి చరిత్ర దీనికి నిదర్శనము. ఆమె పండ్రెండుగురు బిడ్డల తల్లి. భర్త అప్పులపాలై కింగ్స్ బెంచ్ కారాగారమునకు పోగా ఆమెయు కొంతకాలము అచ్చట నతనితో నుండవలసి వచ్చెను. 1784 లో తన గీతములను స్వంత ఖర్చుతో అచ్చు వేయించి ఆమె రచయిత్రి యయ్యెను. తరువాత భర్తను విడిచి, ఏటేట నవలలు వ్రాసి బిడ్డలను పోషించెను. అట్లు రెక్కల కష్టముతో తెచ్చిన రాబడిపైనను చట్టబద్ధమైన అధికారము ఆ భర్తదే!

పుస్తకము అచ్చగుటకు ఆనాడు మూడు మార్గములుండెను. గ్రంథకర్త తానే ఖర్చు భరించుట ఒకటి. ముందుగా చందాదారులను కూర్చుకొని వారి సొమ్ముతో అచ్చు వేయించుట రెండవది. గ్రంథస్వామ్యమును ఒకే మొత్తమునకు పుస్తక వర్తకునికి అమ్మివేయుట మూడవది. ధనము లేనివారికి, పలుకుబడి గల స్నేహితులు లేనివారికి మూడవదియే గతి. పిమ్మట ఆ పుస్తకము వేలకొలది ప్రతులు అమ్ముడుపోయినను రచయిత్రికి దమ్మిడీ రాదు.

డబ్బును మించిన భయము మరియొకటి యుండెను. పేరు ముద్రింపబడుట పరువుగల స్త్రీకి తగదని లోకము తలచెను. ఫ్రాన్సిస్ బర్నీ తన మొదటి నవలను అచ్చునకు పంపినప్పుడు తన చేవ్రాత ముద్రాలయమువారు గుర్తింతురేమోయని అక్షరములు మార్చి వ్రాసెను. తన సోదరుని ద్వారా రహస్యముగా వర్తకునికి చేర్చెను. 1778 లో ఆ నవల వెలువడినప్పుడు గ్రంథకర్త పేరు దానిమీద లేదు. దేశమంతయు మెచ్చుకొన్న ఆ గ్రంథమునకు ఆమెకు ముట్టినది 20 గినీలు. గినీ యనగా ఇరువదియొక షిల్లింగుల నాణెము.

సెయింట్ పాల్ ఆవరణలోని అంగడి

జోసెఫ్ జాన్సన్ 1738 లో లివర్పూలు పట్టణ సమీపమునగల ఎవర్టన్ గ్రామమున బాప్టిస్టు మతస్థుల కుటుంబమున జన్మించెను. పదునారవ యేట లండనుకు వచ్చి ఒక పుస్తక వర్తకుని యొద్ద పనినేర్చుకొని, 1761 లో స్వంత అంగడి తెరచెను. 1770 జనవరిలో అగ్నిప్రమాదము సంభవించి అంగడియు, అందలి సరకును బూడిద యయ్యెను. స్నేహితులు కొంత ధనము కూర్చి యాదుకొనగా అతడు ఆ సంవత్సరమే సెయింట్ పాల్ మహాదేవాలయపు ఆవరణలో 72 వ నంబరు ఇంట మరల వ్యాపారము ప్రారంభించెను. అతడు కడవరకు నిలిచినది అచ్చటనే.

ఇంగ్లండు ప్రభుత్వపు అధికార మతశాఖలో చేరని క్రైస్తవులకు ఆనాడు కేంబ్రిడ్జి పట్టములు గాని, ఆక్స్‌ఫర్డు ప్రవేశము గాని లేదు, ప్రభుత్వోద్యోగములకును ఆటంకములుండెను. జాన్సన్ అట్టి వర్గమునకు చెందినవాడు. అందుచేతనే కాబోలు, తలుపులు మూయబడినవారి బాధ అతనికి తెలియును. రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్‌లీ, చిత్రకారుడు హెన్రీ ఫ్యూసెలీ, కవియు చిత్రకారుడునగు విలియం బ్లేక్ మున్నగువారు అతని అంగడికి వచ్చుచుండెడివారు. పైయంతస్తులో గోడలు సూటిగా నుండని ఒక వంకర గది కలదు. అచ్చట అతడు స్నేహితులకు విందు చేయుచుండెను. విందనగా ఆడంబరమేమియు లేదు. ఉడికించిన చేప, కొంత మాంసము, కూరలు, చివర బియ్యపు పాయసము. ఆ బల్లయొద్ద సంభాషణయే అసలు విందు. పుస్తకముల విషయమునను అతని పద్ధతి అట్టిదే. ఖరీదైన కాగితము, అలంకారములు అతనికి నచ్చవు. సామాన్యుడు కొనగల వెలకు పుస్తకమును అమ్మవలెనని అతని కోరిక.

మాతృహస్తమునుండి పాఠపుస్తకము

జాన్సన్ ప్రకటించిన రచయిత్రులలో మొదట కీర్తి గడించినది అన్నా లెటీషియా ఎయికిన్. వివాహానంతరము ఆమె బార్బాల్డ్ అను పేర ప్రసిద్ధి చెందెను. తండ్రి వారింగ్టన్ పట్టణమందలి విద్యాలయమున అధ్యాపకుడు. బాలికకు తగదని వెనుదీసినను కూతురి పట్టుదలకు లొంగి అతడామెకు ప్రాచీన భాషలు నేర్పెను. సోదరుడు ప్రోత్సహింపగా ఆమె పద్యములు 1773 లో జాన్సన్ ప్రకటనగా వెలువడి, ఒక్క సంవత్సరములోనే నాలుగు ముద్రణలు పొందెను.

అంతకంటె లోకోపకారకమైనది ఆమె బాలవాచకము. ఆమెకు సంతానము లేదు. సోదరుని కుమారుడు చార్లెస్‌ను పెంచుకొనెను. ఆ పసివానికి చదువు చెప్పబూనగా అంగడిలో దొరకు పుస్తకములు సన్నని అక్షరములతో, క్రిక్కిరిసిన పంక్తులతో నుండి పసి కన్నులకు పనికిరాకుండెను. ఆమె తానే పాఠములు వ్రాసెను. పెద్ద అక్షరములు, విశాలమైన అంచులు, చిన్న చిన్న వాక్యములు. తల్లియు బిడ్డయు ఇంటిలో పిల్లిని, పొయ్యిని, వానను చూపుకొనుచు మాటలాడుకొన్నట్లుండు పాఠములు. 1778, 1779 సంవత్సరములలో ఇవి చిన్న సంపుటములుగా వెలువడినవి. అక్షరము పెద్దదైనచో కాగితము ఎక్కువ పట్టును. కాగితము ఎక్కువ పట్టినచో ఖర్చు పెరుగును. ఆ ఖర్చునకు జాన్సన్ వెనుదీయలేదు. ఇంగ్లండునందును అమెరికాయందును రెండు మూడు తరముల పిల్లలు ఈ పాఠములతో చదువు నేర్చిరి. నేడు వాచకములలో కనబడు పెద్ద అక్షరములకు ఇటువంటి పుస్తకములు దారి చూపినవి.

మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్

జాన్సన్ పేరు చరిత్రలో నిలుచుటకు ముఖ్యకారణము మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్. ఆమె 1759 లో లండనున జన్మించెను. తండ్రి ఆస్తిని పోగొట్టి, త్రాగి భార్యను కొట్టు స్వభావము గలవాడు. మేరీ ధనిక వృద్ధురాలికి తోడుగా నుండెను; సోదరీమణులతోను, ప్రాణస్నేహితురాలితోను కలిసి న్యూవింగ్టన్ గ్రీన్ అనుచోట పాఠశాల నడపెను. స్నేహితురాలు మరణించెను; పాఠశాల అప్పులతో మూతపడెను. ఆ దుర్దశలో కుమార్తెల విద్యను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాయగా జాన్సన్ దానిని 10 గినీలకు కొనెను. అప్పులు మెడమీద నుండగనే ఆ సొమ్మును ఆమె మరణించిన స్నేహితురాలి తల్లిదండ్రుల ప్రయాణపు ఖర్చునకు ఇచ్చివేసెను. ఆ పుస్తకము 1787 లో వెలువడెను.

పిమ్మట ఆమె ఐర్లండున ఒక ప్రభుకుటుంబమున పిల్లలకు ఉపాధ్యాయినిగా చేరి, ఏడాది తిరుగకుండగనే ఆ కొలువునుండి తొలగింపబడెను. 1787 లో ఆమె సూటిగా జాన్సన్ అంగడికి వచ్చెను. వ్రాసి బ్రదుకుదునను నిశ్చయము తప్ప ఆమెయొద్ద ఏమియు లేదు. జాన్సన్ ఆమెను మొదట తన యింట నుంచుకొని, పిదప బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన సమీపమున ఒక చిన్న ఇల్లు కుదిర్చెను. పని యిచ్చెను. ఫ్రెంచి, జర్మను భాషలనుండి అనువాదములు, బాలల కథలు, సంకలనములు ఆమె చేసెను. 1788 లో స్థాపింపబడిన ‘ఎనలిటికల్ రివ్యూ’ అను మాసపత్రికకు పుస్తక సమీక్షలు వ్రాసెను. తాను క్రొత్తజాతి రచయిత్రులలో మొదటిదానను కాబోవుచున్నానను భావమును ఆమె తన చెల్లెలికి జాబున తెలిపెను. జాన్సన్ తనకు తండ్రియు సోదరుడును అయ్యెనని అతనికే వ్రాసెను.

ఈ సంబంధము దానధర్మముల సంబంధము కాదు. ఆమె పని చేసెను; అతడు కూలి యిచ్చెను. నెల గడువనప్పుడు ముందుగా నిచ్చెను. ఆమె బాకీల లెక్కలు చూచెను. రచన చేయువారికి ప్రశంసకంటె ముందు కావలసినది నిలుకడయైన పని. అది దొరకిన పిమ్మట మూడు సంవత్సరములలోనే ఆమె కలమునకు పదును వచ్చెను.

1790 నవంబరు మాసారంభమున ఎడ్మండ్ బర్క్ ఫ్రెంచి విప్లవమును ఖండించుచు ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. మేరీ వెంటనే ప్రత్యుత్తరము వ్రాయబూనెను. ఆమె వ్రాయుచుండగనే పుటలు అచ్చగుచుండెను. సగము నడచిన తరువాత ఆమెకు హఠాత్తుగా నిరుత్సాహము కలిగెను. ఇక వ్రాయజాలనని జాన్సన్‌తో చెప్పుకొనెను. అతడు బ్రతిమాలలేదు, కోపపడలేదు. ఇష్టము లేనిచో మానవచ్చుననియు, అచ్చయిన కాగితములను తాను సంతోషముగా పారవేయుదుననియు పలికెను. ఆ మాట ఆమె పౌరుషమును రేపెను. ఇంటికి పోయి గ్రంథమును పూర్తిచేసెను. బర్క్‌కు వచ్చిన ప్రత్యుత్తరములలో మొదటివాటిలో అది యొకటి. నెల తిరుగకుండగనే బయటపడెను. మొదటి ముద్రణపై గ్రంథకర్త పేరు లేదు. కొలదివారములలోనే వచ్చిన రెండవ ముద్రణపై ఆమె పేరు అచ్చయ్యెను. చేవ్రాతను సైతము దాచుకొనిన బర్నీ నాటికిని దీనికిని పండ్రెండేండ్లే యంతరము.

1792 జనవరిలో స్త్రీల హక్కులను గూర్చిన ఆమె మహాగ్రంథము వెలువడెను. స్త్రీకి పురుషునివలెనే వివేచనాశక్తి కలదనియు, ఆమెయందు కనబడు బలహీనత పుట్టుకతో వచ్చినది కాక చదువు చెప్పకపోవుటచే కలిగినదనియు, బాలబాలికలు పగటి పాఠశాలలలో కలిసి చదువవలెననియు ఆమె వాదించెను. అచ్చు కుఱ్ఱవాడు వాకిట కాచియుండగా తొందరతో వ్రాసిన పుస్తకమిది; మరికొంత వ్యవధి యున్నచో ఇంకను బాగుగా వ్రాసియుందునని ఆమెయే విచారించెను. అయినను ఆ సంవత్సరమే రెండవ ముద్రణ వచ్చెను. ఫ్రెంచి అనువాదమును, అమెరికా ముద్రణలును వెలువడెను.

మేరీ హేస్ అను మరియొక రచయిత్రి స్త్రీనగుటచే తగిన చదువు లేకపోయెనని క్షమాపణ కోరు ధోరణిలో పీఠిక వ్రాసి చూపగా, ఆ వినయమును తొలగింపుమని వోల్‌స్టన్‌క్రాఫ్ట్ నిక్కచ్చిగా సలహా యిచ్చెను. పుస్తకము బాగున్నచో క్షమాపణ యక్కరలేదు. బాగులేనిచో క్షమాపణ దానిని కాపాడదని ఆమె యభిప్రాయము.

భిన్నాభిప్రాయములకు ఒకే గూడు

జాన్సన్ ప్రకటించిన స్త్రీలందరు ఒకే మతము గలవారని తలచుట పొరపాటు. ఐర్లండు నివాసిని మరియా ఎడ్జ్‌వర్త్ చరిత్ర వేరు. ఆమె బాల్యమున చేసిన ఒక అనువాదము అచ్చు కాకుండ ఆగిపోగా, స్త్రీలు గ్రంథకర్తలగుట తగదని నమ్మిన తండ్రి స్నేహితుడు థామస్ డే అందులకు అభినందనలు తెలిపెను. అతడు 1789 లో మరణించెను. 1795 లో జాన్సన్ ప్రకటించిన ఆమె మొదటి గ్రంథము స్త్రీవిద్యను సమర్థించు లేఖల రూపముననున్నది. డే వాదమునకు ప్రత్యుత్తరమని చెప్పవచ్చును. తండ్రితో కలిసి వ్రాసిన విద్యాగ్రంథము 1798 లోను, ఐర్లండు జమీందారీ కుటుంబపు పతనమును ముసలి నౌకరు నోట చెప్పించిన ‘కాసిల్ రాక్‌రెంట్’ అను నవల 1800 లోను వెలువడెను. వాల్టర్ స్కాట్ అంతటివాడు తన నవలారచనకు ఆమె ఐర్లండు చిత్రణములు ప్రేరణమని ఒప్పుకొనెను.

ఎడ్జ్‌వర్త్ స్త్రీవిద్యను కోరెను గాని, తన నవలలో స్త్రీహక్కులని బిగ్గరగా అరచు ఒక పాత్రను హాస్యాస్పదముగా చిత్రించెను. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ తన మహాగ్రంథమున బార్బాల్డ్ పద్యమొకదానిని, స్త్రీలను పువ్వులతో పోల్చినందుకు, తప్పుపట్టెను. బార్బాల్డ్ దానికి బదులు వ్రాసినట్లున్న పద్యము ఆమె జీవితకాలమున అచ్చు కాక, 1825 లో ఆమె మరణానంతరము వెలువడెను. అధికార మతశాఖయందు దృఢవిశ్వాసముగల సారా ట్రిమ్మర్ పక్షుల కథలను 1786 లో ప్రకటించిన వర్తకులలోను జాన్సన్ ఒకడు. ఒకరి మాట ఒకరికి పొసగని ఇందరి పుస్తకములు ఒకే అంగడి బల్లపై ప్రక్కప్రక్కన నుండెను. చదువరి తానే తూచుకొనవలెనని జాన్సన్ తలంపు.

1798 సంవత్సరము

ఫ్రాన్సుతో యుద్ధము సాగుచుండగా ఇంగ్లండు ప్రభుత్వము సంస్కరణవాదులనందరను అనుమానింపసాగెను. 1797 సెప్టెంబరులో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ప్రసవానంతర జ్వరముతో మరణించెను. అప్పుడు పుట్టిన శిశువే పిదప 1818 లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల వ్రాసిన మేరీ షెల్లీ. భర్త విలియం గాడ్విన్ భార్య జీవితచరిత్రను వ్రాయగా జాన్సన్ 1798 లో ప్రకటించెను. వివాహము లేకయే ఆమె మరియొకనితో కాపురముండి బిడ్డను కనుట, వాడు విడిచిపోగా ప్రాణము తీసికొన యత్నించుట మున్నగు విషయములను గాడ్విన్ ఏమియు దాచక వ్రాసెను. ప్రేమతో చెప్పిన సత్యము శత్రువుల చేతికి ఆయుధమయ్యెను. ఆమె జీవితమును చూపి ఆమె వాదమును త్రోసివేసిరి. ఆ సంవత్సరమే ఒక మతాచార్యుడు ఆమెతోపాటు బార్బాల్డ్, స్మిత్, హేస్ మున్నగువారిని స్త్రీత్వము కోల్పోయినవారిగా నిందించుచు ఒక కావ్యమును ప్రకటించెను. మేరీ హేస్ స్త్రీలపక్షమున పురుషులకు చేసిన విన్నపమును జాన్సన్, మరియొక వర్తకుడును కలిసి ఆ యేటనే అచ్చు వేసిరి. కాని దానిమీద రచయిత్రి పేరు లేదు. ఆరేడేండ్లలోనే మరల పేరు దాచుకొను కాలము వచ్చెను.

జాన్సన్‌కును ఆ సంవత్సరము గండమయ్యెను. ప్రభుత్వమును విమర్శించుచు గిల్బర్ట్ వేక్‌ఫీల్డ్ వ్రాసిన చిన్న పుస్తకము అమ్మినందుకు అతనిపై రాజద్రోహపు నేరము మోపి, 1798 జూలైలో దోషిగా నిర్ణయించిరి. 1799 ఫిబ్రవరిలో ఆరు మాసముల శిక్షయు, 50 పౌనుల జరిమానాయు విధించిరి. షార్లెట్ స్మిత్ భర్తతోపాటు నివసించిన కింగ్స్ బెంచ్ కారాగారముననే ఆమె భావి ప్రకాశకుడు బందీ యయ్యెను. ‘ఎనలిటికల్ రివ్యూ’ అతని చేతినుండి జారిపోయెను. కాని అంగడి మూతపడలేదు. విడుదలయైన పిమ్మట అతడు కొంత జాగ్రత్తతో మెలగినను రచయిత్రులను విడువలేదు. 1806 లో స్మిత్ మరణింపగా, ఆమె చివరి కావ్యసంపుటిని మరుసటి యేట వెలికి తెచ్చినది అతడే.

ఉబ్బసముతో చిరకాలము బాధపడిన జాన్సన్ 1809 డిసెంబరు 20 న మరణించెను. 1812 లో అతని వారసుల సంస్థ బార్బాల్డ్ కావ్యమొకటి ప్రకటించెను. యుద్ధము వలన బ్రిటను క్షీణించుననియు, ఒకనాడు అమెరికా యాత్రికులు లండను శిథిలములను చూడవత్తురనియు అందు ఆమె ఊహించెను. అల్లికసూదులు వదలి రాజకీయములలో తలదూర్చిన ముదుసలియని ఒక ప్రముఖ పత్రిక ఎగతాళి చేసెను. అప్పటికి అరువదియెనిమిదేండ్ల బార్బాల్డ్ మరల పెద్ద కావ్యమును ప్రకటింపలేదు. ఇష్టము లేనిచో మానుమని చెప్పి పౌరుషము రేపు ముసలి స్నేహితుడు అప్పటికి లేడు.

గ్రంథము పెక్కుమంది చేతి పని

జాన్సన్ కథవలన తేలునది ఒక్కటి. ప్రతిభ యుండుట వేరు, ఆ ప్రతిభ పుస్తకమగుట వేరు. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ వంటి బుద్ధిమంతురాండ్రు ఆమెకు పూర్వమును ఇంగ్లండున నుండియే యుందురు. వారిలో ఎందరికో ఇల్లు కుదిర్చి, పని యిచ్చి, పేరు అచ్చు వేయు ధైర్యముగల వర్తకుడు దొరకలేదు. వారి మాటలు వారితోనే పోయినవి. జాన్సన్ లాభము కొరకు పనిచేసిన వర్తకుడే. కాని లాభమును మించినదియు తన అంగడిలో నున్నదని ఎరిగిన వర్తకుడు.

ప్రకాశకునితోను పని ముగియదు. అచ్చయిన పుస్తకమును కొనువాడు, కొనలేనివారికి చేర్చువాడు కూడ కావలెను. ఆనాడు ఇంగ్లండున నెలకో, ఏడాదికో చందా తీసికొని పుస్తకములిచ్చు అంగడులు పట్టణపట్టణమునను వెలసియుండుటచేతనే రచయిత్రుల పుస్తకములు సామాన్య గృహములకు చేరినవి. గ్రంథకర్త, ప్రకాశకుడు, గ్రంథాలయము, పాఠకుడు ఒక గొలుసులోని కడియములు. ఒకటి తెగినను తక్కినవి నిష్ప్రయోజనములు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునందు పాఠకుడు అలమారునుండి ఒక పుస్తకమును తీసినప్పుడు, ముఖపత్రపు అడుగున నున్న చిన్న అక్షరములను కూడ ఒక్క క్షణము చదివినచో, ఆ గొలుసునకు చెల్లింపవలసిన కృతజ్ఞతలో కొంత చెల్లినట్లే.